అడుగుకు ఒక సూత్ అబద్ధం

2007 ఎండాకాలం. నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫౌండ్రీ. ఫౌండ్రీ అంటే ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, యంత్రాల భాగాలు తీసే చోటు. నేనక్కడ ప్రొడక్షన్ ఇన్‌చార్జిని. పేరు వింటే ఢిల్లీలో ఏదో శాఖ నడుపుతున్నట్టుంటుంది గానీ, నా గది ఎంత విశాలమంటే, ఎవరైనా నన్ను చూడ్డానికి లోపలికి వస్తే నేను లేచి బయటికి వెళ్ళి మాట్లాడాలి. ఆ ఏడు ఎండలు ఎలాంటివంటే, మధ్యాహ్నం కాసేపు చల్లబడదామని మా పనివాళ్ళు ఫర్నేస్ దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఈ వృత్తి గురించి తెలియనివాళ్ళకు ముందు ఒక సంగతి చెప్పాలి. ఇనుప వస్తువు ఏదైనా పోత పొయ్యాలంటే, మొదట అలాంటిదే చెక్కతో చెయ్యాలి. దాన్ని ప్యాటర్న్ అంటాం. ఆ చెక్కను ఇసుకలో గట్టిగా ఒత్తి, జాగ్రత్తగా పైకి తీస్తే ఇసుకలో గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తాం. ఇనుమును చూసి జనం 'అబ్బ, ఎంత బలం!' అంటారు. దాన్ని కన్నది చెక్క అని ఎవరికీ తెలియదు. బయటికి వచ్చే బిడ్డకు ఊరేగింపు, కన్నతల్లికి అటక.

ఇంకొక సంగతి కూడా ఉంది. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. దీన్ని ష్రింకేజ్ అంటాం. అడుగు పొడవుకు ఒక సూత్ చొప్పున తగ్గుతుంది. సూత్ అంటే మా వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకని ప్యాటర్న్‌ను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టుకోకుండా, ప్యాటర్న్ పనివాళ్ళ దగ్గర ఒక ప్రత్యేకమైన స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు అని రాసి ఉన్నది నిజానికి అడుగూ ఒక సూత్. రెండడుగులంటే రెండడుగులూ రెండు సూత్‌లు. చూడ్డానికి మామూలు స్కేలే. కళ్ళార్పకుండా అబద్ధం చెప్పే స్కేలు. ప్రపంచంలో నాకు ఏ పరికరం మీదా అంత ఆత్మీయత కలగలేదు. నేను పన్నెండు చెప్పాలనుకుంటే పదిహేను చెబుతాను. అది పాపం అడుగుకు ఒక సూతే పెంచుతుంది.

ఆ స్కేలు యజమాని సోమాచారి. ఆలేరు దిక్కు నుంచి వచ్చినవాడు. వడ్రంగం తాతల నాటిది, ప్యాటర్న్ పని మాత్రం నాచారంలో నేర్చుకున్నాడు. ఫౌండ్రీ వెనక రేకుల షెడ్డులో ఒక్కడే కూర్చునేవాడు. షెడ్డులో ఒక టేకు బల్ల, ఒక రేకు పెట్టె. పెట్టెలో ముప్పై ఒక్క ఉలులు. ముప్పై ఒకటే, నేను లెక్కపెట్టాను, ఇది పెంచి చెప్పడం కాదు. సగం ఉలులు లారీ పట్టీల ఉక్కుతో ఆయనే కొట్టించుకున్నవి. చెక్కను నున్నగా చేసే రందాలు తుమ్మ మొద్దులోంచి ఆయనే చెక్కుకున్నవి. ఒక్కొక్క రందా మీదా ఆయన అరచెయ్యి, వేళ్ళు అచ్చుగా దిగిపోయి ఉండేవి. నేనొకసారి పట్టుకుని చూశాను. పరాయివాళ్ళ చెప్పుల్లో కాళ్ళు పెట్టినట్టనిపించింది.

పొద్దున రాగానే గంటసేపు పదును పెట్టేవాడు. ఆ తర్వాత రందా పడితే, టేకు మీంచి లేచే పొర ఎంత పల్చగా ఉండేదంటే, మా వాచ్‌మన్ ఒకసారి ఆకు దొరక్క దాంతో బీడీ చుట్టుకున్నాడు. బాగానే వెలిగింది. గుండ్రం తిరిగిందో లేదో చూడాలంటే ఆయన కళ్ళు మూసుకుని అరచేత్తో అంచు చుట్టూ తడిమేవాడు. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగేది. అక్కడ రెండు పొరలు లేపేవాడు. తర్వాత నేను పెద్ద కాలిపర్ తెచ్చి కొలిస్తే, నా కాలిపర్‌లోనే తేడా ఉందని తేలేది. మా ఓనర్ రెండుసార్లు కరెంటు రందా తెప్పిస్తానన్నాడు. 'తెప్పియ్యుండ్రి సార్, అది పెట్టనీకి జాగ లేదు, నా పెట్టె మీద పెట్టుకుంట' అన్నాడు సోమాచారి. రెండుసార్లూ మాట అక్కడితో ఆగింది.

ఇక అసలు కేసు.

ఒక మంగళవారం పొద్దున, పదకొండు కావస్తుండగా, మా గేటు ముందు ఏడు సీట్ల ఆటో ఆగింది. అందులోంచి యాభై ఏళ్ళ ఆడమనిషి దిగింది. ఆమె వెనక గోనెసంచులు దిగాయి. సంచుల్లోంచి మూడు ఇనుప ముక్కలు దిగాయి. ఆ ముక్కలు నేలకు తగిలిన మరుక్షణం మా ఫౌండ్రీ మొత్తం తుమ్మింది. నేను తుమ్మాను, ఇసుక అచ్చులు తీసే మౌల్డర్లు తుమ్మారు, వాచ్‌మన్ తుమ్మాడు, పక్క కంపెనీలో లేత్ మిషన్ ఆగిపోయింది. ముక్కల సందుల్లో ఇరవై ఏళ్ళ కారం పేరుకుని ఉంది.

"ఇగో సారూ, గిది పోతపొయ్యాలె," అంది ఆమె, మా తుమ్ములు ఆగకముందే.

పేరు అండాలమ్మ. అన్నోజిగూడలో హైవే పక్కన గిర్ని ఆమెది, అదే, పిండి, కారం పట్టే మిల్లు. మామ పెట్టాడట, ఇరవై ఏళ్ళుగా ఆమే నడుపుతోంది. గిర్ని రాళ్ళు తిరిగేచోట వాటి చుట్టూ ఇనుప డొప్ప ఉంటుంది, ముందు సగం, వెనక సగం. ఎవరి మిరపకాయల్లోనో ఒక బోల్టు కలిసి రాళ్ళ మధ్య పడిందట. ముందు డొప్ప పగిలింది. ఉప్పల్‌లో వెల్డింగ్ చేయించింది, మళ్ళీ పగిలింది. ఇంకొకరితో చేయించింది, ఈసారి వంకర తిరిగి పగిలింది. డొప్పకుండే నాలుగు కాళ్ళలో ఒక కాలు వెల్డింగ్ షాపులోనే పోయింది. ఆ గిర్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"కొత్త మిషిన్ తీస్కోవచ్చు కదమ్మా?" అన్నాను.

"కొత్తది నా ఎదురుంగనే పెట్టిండు సారూ ఒకడు, రోడ్డుకు ఆవల. గింత సప్పుడు లేకుంట తిరుగుతది. నా గిర్ని ఆగిందని తెల్సినకాడికెల్లి, పొయ్యేటోళ్ళను వచ్చేటోళ్ళను పిల్చి చాయ్ తాపిస్తున్నడు. నా కాడ యాభై ఇండ్ల మిరపకాయల సంచులున్నయ్. ఐతారం పొద్దుమూకేదాక ఆగుతమన్నరు. ఆగకపోతె సంచులు ఆడికి పోతయ్."

"ఒక్కసారి పోతే ఏమైతది, మళ్ళొస్తరు."

అండాలమ్మ నన్ను జాలిగా చూసింది. "మీ ఇంట్ల కారం ఎవలు పట్టిస్తరు సారూ? ఎండకాలం కారం ఏ గిర్నిల పట్టిస్తె, ఏడాదంత పిండి గూడ ఆడికే పోతది. ఎసరు పొయ్యి మీద పెట్టినంక గిన్నె మారుస్తరా? ఐతారం దాటిందంటె నా గిర్నికి తాళమే."

సోమాచారి అప్పటికే వచ్చి ఆ ముక్కల పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక ముక్కను చేత్తో నిమిరాడు. ఆయన తుమ్మలేదు. నా ఉద్దేశంలో కారం కూడా ఆయనంటే భయపడింది.

"చారన్నా, అయితదా?" అన్నాను.

"వంకర తిరిగింది. దీన్ని సూసి కొలత తియ్యొద్దు. గిర్ని కాడ వెనక డొప్ప మంచిగున్నది గద, అక్కడ తియ్యాలె. హీట్ ఎన్నడు?"

హీట్ అంటే మేము ఇనుము కరిగించే రోజు. చిన్న ఫౌండ్రీలో రోజూ ఫర్నేస్ పెట్టరు. మాకు వారానికి ఒక్క శుక్రవారమే. ఆ శుక్రవారం తప్పితే మళ్ళీ శుక్రవారం. అంటే అండాలమ్మ ఆదివారం గంగలో కలిసినట్టే.

"నేను పోయి కొలుచుకొస్తా," అన్నాను ఛాతీ విరుచుకుని. నాకు డిప్లొమా ఉంది మరి.

బుధవారం పొద్దున స్కూటరెక్కాను. టేపు కోసం వెతికితే దొరకలేదు. సోమాచారి ఇంకా రాలేదు. బల్ల మీద స్టీలు స్కేలు ఒకటి మెరుస్తోంది, రెండడుగులది. తీసి స్కూటరు డిక్కీలోంచి బయటికి పొడుచుకొచ్చేలా పెట్టుకుని బయల్దేరాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ముందుకు కదలడానికి పట్టిన సమయంలో ఒక మనిషి పుట్టి, చదువుకుని, పెళ్ళి చేసుకోవచ్చు. బోడుప్పల్, నారపల్లి దాటి అన్నోజిగూడ చేరేసరికి చెమటతో నా చొక్కా నా మీద అచ్చు పోసినట్టయింది.

గిర్ని లోపల గోడవారన సంచులు. ప్రతి సంచికీ ఒక గుడ్డపీలిక, దాని మీద పేరు. పదిమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, కారం పట్టించుకోవడానికి కాదు, ఈ కొలిచే సారు ఎవరో చూడ్డానికి.

"గీనేనా ఇంజినీరు?"

"గీ సారు తుమ్మితె గిర్ని తిరిగేటట్టున్నది సూడు!"

నిజంగానే తుమ్ముతున్నాను. ముక్కు, కళ్ళు, చెవులు, నాకు తెలియని మరికొన్ని ద్వారాలు కూడా కారుతున్నాయి. వెనక డొప్ప లోపలి అడ్డకొలత తీశాను. ఆ కన్నీళ్ళలో స్కేలు మీది గీతలు మూడుమూడుగా కనబడ్డాయి; మధ్య గీతను నమ్మాను. కింద ఇనుప ఫ్రేముకు నాలుగు గూళ్ళున్నాయి, డొప్ప నాలుగు కాళ్ళూ వాటిలో కూర్చోవాలి. ముందు వైపు గూళ్ళ మధ్య దూరం కొలిచాను. ఎడమ పక్క దూరం కొలిచాను. అప్పటికి పద్నాలుగోసారి తుమ్ము వచ్చింది. వెనక వైపు ముందు వైపులాగే ఉంటుంది, కుడి పక్క ఎడమ పక్కలాగే ఉంటుంది. దీర్ఘచతురస్రం అన్నాక దానికి కొన్ని బాధ్యతలుంటాయి కదా! కాగితం మీద ఆ రెండు చోట్లా 'డిటో' అని రాసి, సంతకం కూడా పెట్టాను. అండాలమ్మ గుంజకు ఆనుకుని చూస్తూ ఉంది. ఏమీ అనలేదు. మజ్జిగ ఇచ్చింది.

సాయంత్రం కాగితం సోమాచారి చేతికిచ్చాను. పరీక్షలో ఫస్టొచ్చినవాడు ప్రోగ్రెస్ రిపోర్టు ఇచ్చినట్టు ఇచ్చాను.

ఆయన చాలాసేపు చూశాడు. చెవి సందులోంచి పెన్సిల్ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సారూ, ఆ గిర్ని జేసినోడు పిచ్చోడా?"

"ఎందుకన్నా?"

"ఇర్వైమూడు ముప్పావు. పదకొండు అంగుళాల ఏడు సూత్‌లు. అయిదంగుళాల ఏడున్నర సూత్‌లు. ఒక్కటన్న నిండు అంగుళం లేదేంది?"

"వాడిష్టం. కంపెనీవాళ్ళు ఏదో లెక్క కట్టుకుని ఉంటారు."

"ఆ కాలం మిషిన్ల పని నేను జూసిన. ఇర్వైనాలుగు, పన్నెండు, ఆరు. గిట్లనే జేస్తరు. మనిషి నిండు అంగుళం మీద గీత గీస్తడుగాని, ప్రతిదానికి పిసినారి లెక్క ఎందుకు జేస్తడు?" ఆయన కాగితం మీద వేలు పెట్టాడు. "ఇర్వైనాలుగుకు రెండు సూత్‌లు తక్కువ. పన్నెండుకు ఒకటి తక్కువ. ఆరుకు సగం తక్కువ. అడుగుకు ఒక్క సూత్. గీ లెక్క నాకు తెల్సిందే సారూ."

నాకు మాత్రం ఇంకా తెలియలేదు. డిప్లొమా చేసినవాళ్ళకు కొంచెం సమయం పడుతుంది.

ఆయన చెయ్యి చాపాడు. "స్కేలు దియ్యుండ్రి."

డిక్కీలోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూపించాడు. వెనక ఒక మూల ఎర్ర రంగు చుక్క. ష్రింకేజ్ స్కేలుకు ఆయన పెట్టుకున్న గుర్తు. అంటే ఉన్న ఇనుమును కొలవడానికి నేను అబద్ధాల స్కేలు తీసుకుపోయాను. నిజంగా ఇరవైనాలుగున్నదాన్ని అది ఇరవైమూడు ముప్పావు అంది. ఆ కాగితం చూసి ప్యాటర్న్ చేస్తే, ఇనుము చల్లారాక లోపలి అడ్డకొలత పావంగుళం తగ్గేది. రాయికీ డొప్పకీ మధ్య చుట్టూ ఉండే సందే ఒక సూత్. రాయి పట్టేసి ఆగిపోయేది. మోటారు కాలేది. ఈ పొరపాటు ఒక టైలరు చెయ్యలేడు, డాక్టరు చెయ్యలేడు. ఇది చెయ్యాలంటే ఫౌండ్రీలో ఉద్యోగం ఉండాలి.

"సర్లే అన్నా, అడుగుకు ఒక సూత్ కలిపితే అయిపోయె. ఇప్పుడే దిద్దుతా," అని పెన్ను తీశాను.

"వద్దు."

"ఎందుకు? లెక్క దొరికింది కదా?"

"స్కేలు సంగతి దొరికింది. కాగితంల ఇంకేమున్నదో నాకేమెర్క? రేపు పొద్దుగాల నేను పోతా."

"అన్నా, రేపు గురువారం! ఎల్లుండి పొద్దటికల్లా మౌల్డర్లకు ప్యాటర్న్ ఇయ్యాలె. సగం రోజు రోడ్డు మీదనే పోతది."

"పోనీ. ఆ సగం రోజు ఇప్పుడు పోతది. లేకుంటె ఆమెది గిర్నే పోతది."

గురువారం ఏడింటికి నా స్కూటరు మీద ఇద్దరం. ఆయన చేతిలో స్కేలు లేదు, టేపు లేదు. సన్నటి టేకు బద్దలు రెండు, రెండు పెద్ద అట్టలు, పెన్సిల్. నేను వెనక్కి తిరిగి అడిగాను: "కొలవడానికి ఏమీ తెచ్చుకోలేదేందన్నా?"

"బద్ద తెచ్చిన గద."

"దాని మీద నంబర్లు లేవు."

"నంబర్లుంటెనే గద సారూ తప్పు సదివేది."

గిర్నిలో ఆయన పనిచేసిన తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. టేకు బద్దను డొప్ప లోపల ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఆనించి, కొనను ఉలితో గీరి గీరి, సరిగ్గా కూర్చునేదాకా తగ్గించాడు. అదే కొలత. అంకె లేదు, వంతు లేదు, ఆ పొడవు తప్ప ఇంకేమీ లేదు. బద్దను నాలుగు వైపులా తిప్పి చూశాడు, గుండ్రం సరిగ్గా ఉందా అని. అట్టను అంచు మీద పెట్టి వేళ్ళతో నొక్కుతూ వంపు అచ్చు తీశాడు. ఆడవాళ్ళు నన్ను చూసినప్పుడు చేసిన ఎగతాళి ఈసారి చెయ్యలేదు. ఒకామె నోట్లో తమలపాకు నమలడం కూడా ఆపింది.

తర్వాత ఫ్రేము గూళ్ళ దగ్గరికి వచ్చాడు. అండాలమ్మ కొంగు దోపుకుని, బద్ద రెండో కొన తనే పట్టుకుంది. ముందు వైపు. ఎడమ పక్క. బద్ద మీద పెన్సిల్ గీతలు. నా కొలతలతో, ఆ సూత్ సంగతి పక్కన పెడితే, సరిపోయాయి. కొంచెం ధైర్యం వచ్చింది. వెనక వైపు బద్ద పెట్టాడు. గీత కలవలేదు. రెండు సూత్‌లు తేడా.

నాలుగో గూడు ఎప్పుడో విరిగి, వెల్డింగుతో అతికిన మచ్చ కనబడింది. అంటించినవాడు దాన్ని లోపలికి జరిపి అంటించాడు. పాత డొప్పకు ఆ ఒక్క కాలూ అరగదీసి సరిచేసుకుని ఉంటారు. ఆ కాలే ఉప్పల్ వెల్డింగ్ షాపులో పోయింది. కాగితం మీద ఆ గూడు ఉన్న రెండు వైపులా నేను రాసింది డిటో.

నేను ముందురోజు చెప్పినట్టు అడుగుకు ఒక సూత్ కలిపి దిద్దుకుని ఉంటే? డొప్ప గుండ్రంగా, అందంగా, కచ్చితంగా తయారై, ఆదివారం వచ్చి ఆ ఫ్రేములో కూర్చోకుండా నిలబడేది. ఆ వెల్డింగును గ్రైండర్‌తో అరగదీద్దామంటే గూడే ఊడి వచ్చేది.

సోమాచారి బద్ద మీద ఆ గీతను గట్టిగా గీశాడు. నావైపు చూడలేదు. ఆయన చూడకపోవడంలో ఎంత బరువుందంటే, తిరుగు ప్రయాణంలో నా స్కూటరు నారపల్లి దగ్గర మొరాయించింది.

నాచారం చేరేసరికి పదకొండున్నర. గేటు లోపల నిశ్శబ్దం. కరెంటు కోత. ఎప్పుడొస్తుందో సబ్‌స్టేషన్ వాళ్ళకే తెలియదు. మొత్తం పారిశ్రామికవాడ చెట్ల కింద పడుకుంది. వెనక రేకుల షెడ్డులో మాత్రం రంపం మొదలైంది.

గుండ్రటి ప్యాటర్న్‌ను ఒకే మొద్దులోంచి చెక్కరు. అలా చేస్తే చెక్క ఒక దిక్కుకు లాగి కోడిగుడ్డవుతుంది. చిన్న చిన్న వంపు ముక్కలు కోసి, ఇటుక గోడ పేర్చినట్టు, ఒక వరస అతుకు మీద ఇంకో వరస ముక్క వచ్చేలా అంటిస్తారు. వీటిని సెగ్మెంట్లంటాం. సోమాచారి ఆ మధ్యాహ్నం ముప్పై ఆరు సెగ్మెంట్లు చేతిరంపంతో కోశాడు. రంపం ఎంత వేగంగా ఆడిందంటే, పొట్టు కింద పడటానికి టైము చాలక గాలిలో వరసలో నిలబడింది. జిగురు పెట్టి మేకులు బిగించాడు. ఆ ఎండకు జిగురు డబ్బాలోంచి చెక్క మీదికి వచ్చేలోపే ఆరడం మొదలెట్టేది. నేను సంచితో విసురుతూ జిగురును చల్లబరిచాను. ప్రొడక్షన్ ఇన్‌చార్జిగా అది నేను చేసిన అత్యుత్తమ ప్రొడక్షన్.

బద్ద మీది నిజమైన పొడవులకు ష్రింకేజ్ కలపడానికి మాత్రం ఎర్ర చుక్క స్కేలు బయటికి తీశాడు. మామూలు స్కేలుతో బద్దను చదివి, అదే అంకెను ఎర్ర చుక్క స్కేలుతో చెక్క మీద గీశాడు.

"సూసిన్రా సారూ," అన్నాడు. గిర్ని దగ్గర్నుంచి వచ్చాక ఆయన నాతో అన్న మొదటి మాట అది. "ఇనుమును అడిగేటప్పుడు నిజం స్కేలు. చెక్కకు చెప్పేటప్పుడు ఇది. రెండు తారుమారైతె ఇద్దరు ఆగమైతరు."

శుక్రవారం తెల్లవారగానే లోపలి అంచు పని. ప్యాటర్న్ గోడలు నిటారుగా ఉంటే ఇసుకలోంచి తీసేటప్పుడు ఇసుక విరుగుతుంది. అందుకని కంటికి తెలియనంత ఏటవాలు పెట్టాలి. దీన్ని డ్రాఫ్ట్ అంటాం. యంత్రాలున్నచోట దానికి డిగ్రీలు లెక్కపెడతారు. సోమాచారి అడుగున వంపున్న చిన్న రందా పట్టుకుని, చుట్టూ తిరుగుతూ, ఒక్కో పొర లేపాడు. మధ్యమధ్య కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టేవాడు. తర్వాత నాలుగు కాళ్ళు. మూడు ఒకరకం. నాలుగోది రెండు సూత్‌లు లోపలికి. ఆ కాలును ఆయన మిగతా మూడింటికన్నా ముద్దుగా చేశాడని నాకనిపించింది. వంకరగా పుట్టబోయే బిడ్డ కదా.

పదకొండింటికి లక్క పాలిష్ ఆరింది. మౌల్డర్లు ఇసుక నింపి, ఒత్తి, ప్యాటర్న్‌ను తట్టి పైకి లేపారు. ఒక్క రేణువు విరగలేదు. చెక్క పైకి లేస్తుంటే చిన్న నిట్టూర్పు వినబడిందని నేనిప్పటికీ వాదిస్తాను. సాయంత్రం ఇనుము పోశాం. శనివారం అచ్చు పగలగొట్టి, శుభ్రం చేసి, రాయి ఇరుసు దూరే బొక్క లేత్ మీద తీయించాం.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అన్నోజిగూడ. గిర్ని ముందు జాతర. సంచుల యజమానులందరూ వచ్చారు. రోడ్డుకు అవతల కొత్త గిర్ని వాడు గడపలో నిలబడి, చేతిలో చాయ్ చల్లారిపోతున్నా తాగడం మరిచిపోయి ఇటే చూస్తున్నాడు. సోమాచారి, ఇంకొక మెకానిక్, ఇద్దరూ డొప్పను ఎత్తి ఫ్రేము మీదికి దించారు. మొదటి కాలు గూట్లో కూర్చుంది. రెండోది. మూడోది. అండాలమ్మ ఊపిరి ఆపింది. నేను ఆపినంత ఆపలేదనుకోండి.

నాలుగో కాలు, కొట్టకుండా, అరగదీయకుండా, పాత ఇంట్లోకి కోడలు అడుగుపెట్టినట్టు మెల్లగా దిగింది.

సోమాచారి రాయి చుట్టూ ఒక అట్టముక్క తిప్పి చూశాడు. ఎక్కడా పట్టలేదు. స్విచ్ వేశారు. గిర్ని గుర్రుమంది. మొదటి సంచి ఎవరిదో సాయమ్మది. ఎర్రటి కారం కింద డబ్బాలోకి దూకగానే పదిమంది ఒకేసారి తుమ్మారు. అక్కడ తుమ్మడం అంటే చప్పట్లు కొట్టడమే.

"సారు మంచిగ కొలిచిండే! సక్కగ కూసున్నది," అంది సాయమ్మ.

"సారు కాగితం రాసిచ్చిండమ్మా, నేను జేసిన," అన్నాడు సోమాచారి, చేతులు తుడుచుకుంటూ. ముఖంలో ఏమీ లేదు.

నేను జీవితంలో చాలా పొగడ్తలు ఉచితంగా తీసుకున్నాను. ఇది మాత్రం గొంతు దిగలేదు. "లేదక్కా," అన్నాను అండాలమ్మతో. "నేను తప్పు కొలిచిన. స్కేలే తప్పు. రెండు దిక్కులైతే కొలవనే లేదు, ఊరికే రాసిన. చారన్న లేకుంటే ఇయ్యాల నీ గిర్ని తిరగకపోతుండె."

"నాకెర్కే తమ్మీ," అంది అండాలమ్మ, గిర్ని మీద గరాటులా ఉండే హాపర్‌లోకి మిరపకాయలు గుమ్మరిస్తూనే. అప్పటిదాకా సారూ అన్నది, నేను తప్పు ఒప్పుకున్నాక తమ్మీ అంది. "నువ్వు రెండు దిక్కులే పెట్టినవ్ స్కేలు. సూస్తనే ఉన్న. నాలుగో గూడు వంకరున్నదని గూడ నాకెర్క. మా మామ ఉన్నప్పుడు అతికిచ్చిండు."

"మరి అప్పుడే చెప్పొద్దా అక్కా!"

"కాగితం మీద రాస్తుంటివి. సదువుకున్నోడు రాసేటప్పుడు నడుమల నోరు పెడితె బాగుండదని ఊకున్న. నువ్వు పొయ్యినంక, తెల్లారి ఈయన వచ్చేదాక నాకు కడుపుల బువ్వ లేదు."

సోమాచారి అప్పుడు నావైపు తిరిగాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి సూటిగా చూశాడు.

"సారూ, బద్ద పట్టుకుంటె నేను తప్పు దొరకబట్టిన అనుకున్న. ఆమెను ఒక్క మాట అడిగి ఉంటె, కూసున్నకాడనే చెప్పుతుండె. నేను గూడ అడగలె."

తప్పులో సగం వాటా ఆయన తనమీద వేసుకున్నాడు. అండాలమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. పొద్దుమూకేలోపు యాభై సంచులూ ఖాళీ అయ్యాయి.

తర్వాత తెలంగాణ వచ్చింది, నాచారంలో ప్యాటర్న్‌లు కంప్యూటర్ చెక్కే రోజులు వచ్చాయి. సోమాచారి ముప్పై ఒక్క ఉలులూ పదునుగానే ఉన్నాయి. ఆ కంప్యూటర్ చెక్కినదాని అంచు మీద ఆయన చెయ్యి పెడితే ఎక్కడో ఒకచోట ఆగుతుంది, మేం ఆ చోటును దిద్దుతాం. నేను కొలతలకు పోతూనే ఉన్నాను. డిటో అనే మాట రాయడం మానేశాను. అది చిన్న సంగతి. అసలు నేర్చుకున్నది వేరే: కొలతలు రాశాక కాగితం జేబులో పెట్టుకోను. ఆ యంత్రం మీద రోజూ చెయ్యి వేసేవాళ్ళను పిలిచి, రాసింది చదివి వినిపించి, నేను చూడకుండా వదిలింది ఏమైనా ఉందా అని అడుగుతాను. చాలామంది 'మాకేం తెలుసు సార్, మీరు సదువుకున్నోళ్ళు' అంటారు.

అప్పుడు ఒక కుర్చీ అడిగి తీసుకుని, తీరిగ్గా కూర్చుంటాను.